అసిరమ్మ దోనె

సముద్రం ఇంకా కొండల పక్కనే పడుకునే కాలంలో, ఉప్పు గంప నెత్తిన పెట్టుకుని మంచులో ఊరూరా తిరిగే ముసలామె ఒకతె ఉండేది. పేరు అసిరమ్మ. నా అనేవాళ్ళు లేరు. బతుకంతా నడిచి నడిచి ఆమె కూడబెట్టింది ఒక చిన్న మూట వెండి.

"నేను పోయేలోగా ఇది ఎక్కడ ఎక్కువ మేలు చేస్తుందో అక్కడికి చేరాలి" అంది అసిరమ్మ. ఆ మాట ఊళ్ళన్నీ పాకింది.

ముందు పెద్దూరి నాయుడు వచ్చాడు.

"మా అమ్మవారికి వెండి గొడుగు చేయించు. దానిమీద నీ పేరు చెక్కిస్తాను."

"వచ్చి చూస్తాను నాయనా."

వెళ్ళి చూసింది. అమ్మవారికి అప్పటికే రెండు గొడుగులున్నాయి. దణ్ణం పెట్టుకుని వచ్చేసింది.

తరవాత సంతూరి షావుకారు వచ్చాడు.

"మా ఊరందరికీ విందు పెట్టు. ఏళ్ళ తరబడి చెప్పుకుంటారు."

"వచ్చి చూస్తాను బాబూ."

వెళ్ళి చూసింది. ప్రతి ఇంటి మీదా పొయ్యి పొగ కమ్మగా లేస్తోంది. ఊరికే నవ్వి వచ్చేసింది.

ఆ తరవాత ఎవరూ రాలేదు.

ఒకనాడు ఉప్పు అమ్ముకుని తిరిగొస్తుంటే కొండ మీద వాన పడి ఏరు పొంగింది. ఒడ్డున మంత్రసాని సూరమ్మ నీళ్ళకేసి చూస్తూ కూర్చుంది. అవతల మంచులోంచి ఒక మగగొంతు, "నా ఆడది నొప్పులు పడుతోంది, రావే తల్లీ!" అని పిలుస్తోంది.

"వస్తాం అయ్యా! వచ్చి చూస్తాం!" అని అరిచింది అసిరమ్మ.

నీళ్ళు తగ్గేసరికి పొద్దు వాలింది. ఇద్దరూ దాటి వెళ్ళారు. తల్లి బతికింది. బిడ్డ బతకలేదు.

అసిరమ్మ ఆ బిడ్డని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది.

"నా దగ్గర వెండి ఉందని మీరు వినలేదా? అడగడానికి రాలేదేం?"

"ఈ వానల్లో ఏరు దాటితే కదా అవ్వా, అడిగేది" అన్నాడు తండ్రి.

అసిరమ్మ మూట మొత్తం విప్పేసింది. సగంతో దోనె చెక్కించింది. మిగతా సగం, దాన్ని నడిపేవాడి ఇంటికి గింజలు.

"ఆ మూల నాలుగు గుడిసెల కోసమా? అక్కడ నీ పేరు ఎవరు చూస్తారు?" అన్నాడు నాయుడు.

"చూడక్కర్లేదు నాయనా. వేళకి దాటితే చాలు."

మళ్ళీ వానలకి ఏరు పొంగింది. ఈసారి సూరమ్మ దోనెలో దాటింది. పొద్దున్నే ఆ గుడిసెలో ఆడపిల్ల కేరుమంది. అదే పొద్దున, ఇవతల ఒడ్డున, అసిరమ్మ చెట్టుకి ఆనుకుని కన్నుమూసింది. ఆ కేక ఆమెకి వినిపించే ఉంటుందని సూరమ్మ బతికినన్నాళ్ళూ చెప్పేది.

ఇప్పటికీ ఆ వైపు ఊళ్ళలో ఏదైనా పంచేటప్పుడు, అందరూ వచ్చి నిలబడ్డాక, ఒక పెద్దావిడ లేచి అడుగుతుంది: "రాలేనివాళ్ళెవరు?"

తొలి వాటా పట్టుకుని ఎవరో ఒకరు బయల్దేరతారు. వాళ్ళు కనుమరుగయ్యేదాకా మిగతావాళ్ళు చేయి చాపరు.