చేతిలో బాగున్న బొమ్మ

ప్రశ్న అడిగితే జవాబు చెప్పే అలవాటు మా కుళ్లాయప్ప మాస్టారికి లేదు. అడిగినవాళ్లకు ఏదో ఒక పని అప్పజెప్పేవారు. అందుకే అనంతపురంలోని మా చిత్రకళల కాలేజీలో తెలివైనవాళ్లు ఆయన్ని ఏమీ అడిగేవారు కాదు.

హరిణి అడిగింది. మా తరగతిలో ఆమె చేతికి సాటి చేయి లేదు. ఆ సంగతి అందరికంటే ముందు ఆమెకే తెలుసు. చివరి ఏడాది ప్రదర్శనకు ఆమెనూ, లైట్లు చూసే ఖాజానూ, శబ్దాలు రికార్డు చేసే నన్నూ ఒకే జట్టులో వేశారు. ఆమెకు ఒళ్లు మండింది.

"సార్, నేను బొమ్మలేస్తాను. వీళ్లలో ఒకడు బల్బులు తిప్పుతాడు, ఒకడు చప్పుళ్లు పోగేస్తాడు. బొమ్మ బాగుంటే చాలదా? వీళ్లతో నాకేం పని?"

మాస్టారి పెద్దలు తోలుబొమ్మలాడించినవాళ్లు. ఆయన లోపలికెళ్లి, అటువైపు వెలుతురు ఇటు కనిపించేంత పలచగా గీకిన మేకతోలు ఒకటి, పలచని రంగుల సీసాలు నాలుగు తెచ్చి ఆమె ముందు పెట్టారు. "మీ అవ్వ బొమ్మ చెయ్. ప్రదర్శన రోజు తెర మీద ఆడిద్దాం. అవ్వను పిలుచుకురా," అన్నారు.

తల్లిలేని హరిణిని పెంచింది అవ్వే. పేరు నాంచారమ్మ, ధర్మవరం మార్కెట్లో కూరగాయల అంగడి. నాలుగేళ్లుగా మనవరాలు ఇక్కడ నేర్చుకుంటున్నదేమిటో ఆమెకు అంతుపట్టలేదు. ఈ ఆట చూశాకే పైచదువుకు పంపాలో, అంగట్లో కూర్చోబెట్టాలో తేలుస్తానంది.

హరిణి నెల రోజులు కూర్చుంది. ఆ పలచని రంగులు వెలిసిన చీరలా కనిపించాయి కాబోలు, సీసాలు పక్కన పెట్టి, తన ట్యూబుల్లోని చిక్కని రంగులు పూతమీద పూత వేసింది. అవ్వ ముడతలు, తల మీద గంప, గంపలో వంకాయల నిగనిగ, అన్నీ వచ్చాయి. నిజం చెప్పాలి, చూసి నాకు అసూయ పుట్టింది. తెర దగ్గర ఒకసారి చూద్దామని ఖాజా రెండుసార్లు పిలిచాడు. "నీ లైటు నువ్వు చూసుకో," అంది. మాస్టారికి చూపిస్తే, "చేతిలో బాగుంది," అన్నారు. ఆమె చివరి మాటే విన్నది.

ప్రదర్శన రోజు మధ్యాహ్నం హాలు కిటికీలన్నీ మూశాం. ముందు వరసలో నాంచారమ్మ. నేను వాళ్ల మార్కెట్లోనే రికార్డు చేసిన కేకలు మొదలుపెట్టాను. ఖాజా తెర వెనక లైటు వేశాడు. మాస్టారు బొమ్మను తెరకు ఆనించారు.

తెర మీద నల్లటి ముద్ద. చిక్కని రంగుల్లోంచి వెలుతురు రవ్వంత కూడా రాలేదు.

"ఎవురే అది? మొగమే కనపళ్లేదే," అని నాంచారమ్మ పక్కావిడను అడగడం తెర వెనక మా అందరికీ వినపడింది. మాస్టారు బొమ్మను కిందికి దించి, చిన్న ఉలి, సుత్తి హరిణి చేతిలో పెట్టారు.

"నా బొమ్మకు తూట్లు పొడిచేదా సార్?"

"పొడువు. యాడనేది ఖాజాను అడుగు."

ఆమె అడిగింది. నాలుగేళ్లలో మాలో ఒకరిని ఏదైనా అడగడం అదే మొదలు. ఖాజా వేలు పెట్టి చూపిస్తుంటే ముక్కుపుడక దగ్గర, కమ్మల దగ్గర, కంటికొసన, గంప అంచు పొడుగునా పొడిచింది. నేను మార్కెట్ గోల పెంచి, రికార్డింగును మళ్లీ మళ్లీ మొదటికి తెస్తూ సాగదీశాను. సుత్తి దెబ్బలు తూకపురాళ్ల చప్పుడులో కలిసిపోయాయి. హాల్లో వాళ్లు అదీ ఆటలో భాగమే అనుకున్నారు.

మాస్టారు బొమ్మను మళ్లీ ఎత్తారు. ఈసారి చీకటి ఒంటి మీద ముక్కుపుడక తళుక్కుమంది. గంప అంచు వెలిగింది. నా కేకల్లో ఒకటి, "లేత వంకాయలమ్మో," సరిగ్గా అప్పుడే వచ్చింది. బొమ్మ తల తిప్పింది.

"అయ్యో, నేనే గదా!" అంది నాంచారమ్మ.

ఆట అయ్యాక ఆమె తెర దగ్గరికి వచ్చి, వెలుగుతున్న ముక్కుపుడకను గుడ్డ మీద నుంచే తడిమింది. కళ్లు తుడుచుకుని, "చదువుకోనీలే. అంగడి యాడికీ పోదు," అంది. అంతలో బేరమాడే మనిషికి ఉండే అనుమానమొకటి వచ్చింది. "అయితే సారూ, దీంట్లో మా పాప పని ఎంత?"

హరిణి నోరు విప్పబోయి, మా ఇద్దరి వైపు చూసింది.

మాస్టారు ఖాజాకు సైగ చేశారు. లైటు ఆరిపోయింది. నేనూ శబ్దం ఆపేశాను. తెర లేదు, బొమ్మ లేదు, ముక్కుపుడక లేదు.

"ఈ పొద్దున వరకూ పాప ఒక్కతే చేసింది ఇంతే పెద్దమ్మా," అన్నారు మాస్టారు చీకట్లోంచి. "ఖాజా, ఇంక లైటెయ్యి."