పోలమ్మ నాలుగున్నర

భానోజీకి ఖాళీలంటే పడదు. ఏదైనా ఒక గడి ఖాళీగా కనిపిస్తే అది ఎవరో బద్ధకంతో వదిలేసినదే అని అతని నమ్మకం.

ఉద్దానం జీడితోటల మధ్య తవిటయ్య గురువుగారి ఆశ్రమంలో అతను మూడేళ్లుగా శిష్యుడు. అంతకుముందు పట్నంలో కంప్యూటరు ప్రోగ్రాములు రాసేవాడు. ఆశ్రమానికి వచ్చాక ఆ పని మానేస్తానంటే గురువుగారు ఒప్పుకోలేదు.

"చేతనైన పని మానేసి చేతకాని జపం చెయ్యడం ఎందుకు?" అన్నారు.

అందుకని రోజూ కొంతసేపు ఒక కాలెండర్ లైబ్రరీకి మరమ్మతులు చేసేవాడు. తేదీలూ వేళలూ లెక్కగట్టే ప్రోగ్రాము ముక్క అది. ఏయే దేశాలవాళ్లో తీరిక చేసుకుని రాసి, ఎవరైనా వాడుకోండని ఊరికే ఇచ్చేశారు. ఆశ్రమం శిష్యులు ఫోన్లలో పెట్టుకున్న ధ్యానం గంట కూడా దాని మీదే నడిచేది. తెల్లవారుజామున నాలుగున్నరకి గంట మోగుతుంది. ఎక్కడున్న శిష్యుడైనా లేచి అరగంట కదలకుండా కూర్చోవాలి. గురువుగారు పెట్టిన నియమం అదొక్కటే.

లైబ్రరీని కొత్త ఫోన్లకు సరిపడేలా మారుస్తుండగా భానోజీకి ఒక సంగతి కంటబడింది. ప్రతి వేళ పక్కనా అది ఏ దేశపు వేళో రాసే చోటుంది. కొన్నిటికి ఆ చోటు ఖాళీగా ఉంది. అలా ఖాళీగా ఉన్నప్పుడు, ఫోను ఏ దేశంలో ఉంటే ఆ దేశపు గడియారం ప్రకారం గంట మోగుతోంది. ధ్యానం గంటా అలాగే ఉంది. ఇక్కడివాళ్లకు ఇక్కడి నాలుగున్నరకి, కువైట్‌లో ఉన్నవాళ్లకు కువైట్ నాలుగున్నరకి.

"గురువు ఒక వేళకి కూర్చుంటే శిష్యులు తలో వేళకీ కూర్చోవడమా?" అనుకున్నాడు భానోజీ. "ఇదేం భక్తి?"

చోటు ఖాళీగా ఉంటే, ఆ కాలెండరు ఏ దేశంలో తయారైతే ఆ దేశపు వేళే లెక్క అని మార్చేశాడు. పరీక్షలు రాశాడు. టోక్యో గడియారం పెట్టి చూశాడు, నైరోబీది పెట్టి చూశాడు, లండన్‌ది పెట్టి చూశాడు. ఎక్కడ పెట్టినా గంట ఒకే క్షణంలో మోగింది. ఒక్క పరీక్షా తప్పలేదు.

ఆ మార్పును లైబ్రరీ బాగోగులు చూసే పెద్దలకు పంపాడు. వాళ్లు ఒప్పుకుంటే తర్వాతి విడుదలలో అది లోకమంతటికీ వెళ్తుంది. అంతవరకూ ఆగలేక ఆశ్రమం శిష్యుల ఫోన్లలో మాత్రం అప్పుడే పెట్టేశాడు. 'ఇకనుంచి గురువుగారు కూర్చునే క్షణానికే మనమందరం' అని అందరికీ కబురు కూడా చేశాడు.

ఆ పెద్దల్లో ఒకాయన పోర్చుగల్ దేశస్థుడు. భానోజీ ఆయన మొహం ఎన్నడూ చూడలేదు. ఆయన ఒక్క మాట రాశాడు: "లెక్క సరిగ్గానే ఉంది. ఆ ఖాళీలు ఎవరైనా కావాలనే వదిలారేమో, అడిగావా?"

భానోజీ నవ్వుకున్నాడు. జవాబివ్వలేదు. తన పని మీద నమ్మకం ఉండటం వేరు, ఎదుటివాడి ప్రశ్న అక్కర్లేదనుకోవడం వేరు. ఆ తేడా అతనికి అప్పటికి తెలియదు.

వారం గడిచింది. ఒక సాయంత్రం గురువుగారు అరుగు మీద కూర్చుని చోళ్లలో, అంటే రాగుల్లో, రాళ్లు ఏరుతున్నారు. భానోజీ ఫోను పట్టుకుని సంతోషంగా వచ్చాడు.

"గురువుగారూ, కువైట్ నుంచి పోలమ్మగారు మీకు మాట పంపారండి. నేను చేసిన మార్పు గురించే."

పోలమ్మ ఆ పక్క ఊరి మనిషే. కువైట్‌లో ఒక ఇంట్లో వంట చేస్తుంది. భానోజీ ఫోను నొక్కాడు. ఆమె గొంతు వినిపించింది.

"దండాలు గురువుగారండీ. నాను, పోలమ్మని. మీరు కూకునే యేలకే నన్నూ కూకోమన్నారంట. ఇంత దూరాన పడున్నదాన్ని మర్చిపోకుండా పక్కకి పిలిచినారు. నాకింకేటి కావాల? రెండింటికే లేస్తన్నానండి. తరవాత నిద్దర రావటం నేదు గానీ పర్నేదు. నిన్న పొయ్యికాడ కునుకొచ్చి నూని మూకుడు ఒంపేసుకున్నాను. మణికట్టు కాలింది. ఇంకోసారి ఇలాగైతే పంపించేస్తానని ఇంటామె అంది. మీ దయుంటే ఏటీ అవదండి."

"విన్నారా అండీ? పక్కకి పిలిచారు అంటోంది!" అన్నాడు భానోజీ.

గురువుగారు చేతిలోని చోళ్లు చేటలో పోశారు. "మళ్లీ వినిపించు."

వినిపించాడు.

"ఆవిడ నాలుగున్నర మనకెప్పుడు?"

"మనకంటే రెండున్నర గంటలు వెనకండి. అక్కడ నాలుగున్నరంటే మనకి ఏడు."

గురువుగారు ఫోను తన నోటి దగ్గరికి తెప్పించుకున్నారు. "పోలమ్మా, రేపు రెండింటికి లేవకు. ఎప్పట్లా నీ నాలుగున్నరకే లే. మేమే వస్తాం" అని చెప్పి, మళ్లీ రాళ్లు ఏరుకోసాగారు.

 

మర్నాడు నాలుగున్నరకి గంట మోగింది. శిష్యులందరూ వచ్చి కూర్చున్నారు. గురువుగారి ఆసనం మాత్రం ఖాళీగా ఉంది. ఆయన పశువుల శాలలో పేడ ఎత్తుతున్నారు. ఎవరికీ అడిగే ధైర్యం లేకపోయింది. ఒక్కొక్కరే లేచి వెళ్లి తలో పనిలో పడ్డారు.

ఏడు కొట్టబోతుండగా గురువుగారు కాళ్లు కడుక్కుని వచ్చారు.

"రండి, ధ్యానానికి వేళయింది."

వంట చూసే అసిరమ్మ గరిటె పట్టుకునే బయటికొచ్చింది. "ఏటి, ఇప్పుడా? సూరీడొచ్చి ముక్కు మీద కూకున్నాక కళ్లు మూసుకుంటే ఏటొస్తాది గురువుగారండీ? అంబలెవరు పోస్తారు?"

"నువ్వూ రా" అన్నారు ఆయన.

రోజూ ఏడింటికి ఆశ్రమం గేటు దగ్గర చోడంబలి పోస్తారు. మిల్లులో జీడిపిక్కలు ఒలిచే ఆడవాళ్లు పనిలోకి పోతూ ఆగి తాగిపోతారు. చాలామందికి మధ్యాహ్నం దాకా అదే తిండి. ఆ రోజూ వచ్చారు. అంబలి కుండ మూత పెట్టినట్టే ఉంది. గిన్నెలు బోర్లించే ఉన్నాయి. లోపల ఆశ్రమమంతా కళ్లు మూసుకుని కూర్చుంది.

భానోజీ కళ్లు మూసుకున్నాడు గానీ చెవులు మూసుకోలేకపోయాడు.

"ఏటి బాబూ, మీ గురువుగారికింకా తెల్లార్నేదా?" అని కేకేసింది ఒకావిడ.

"ఒలే, అరవకే. దేముడితో మాటాడతన్నారు."

"దేముడు రోజంతా ఉంటాడే. మేస్త్రీ గేటేసేస్తాడు."

నలుగురూ నవ్వారు. కాసేపు చూశారు. తర్వాత ఆ నవ్వు తగ్గింది. "పదండే, ఇంక నాబం నేదు" అన్న మాట, దాని వెనక అడుగుల చప్పుడు వినిపించాయి.

భానోజీ లేవబోయాడు.

"కూర్చో" అన్నారు గురువుగారు, కళ్లు తెరవకుండానే.

"వాళ్లు ఆకలితో వెళ్లిపోతున్నారండి."

"పోలమ్మ వారం రోజులు మన వేళకి కూర్చుంది. ఆవిడ వేళకి మనం ఒక్కరోజు కూర్చోలేమా?"

భానోజీ కూర్చున్నాడు. ఆ అరగంట అతనికి ఎంతకీ తరగలేదు.

లేవగానే గురువుగారు చుట్టకుదురు తెచ్చి భానోజీ నెత్తిన పెట్టారు. అసిరమ్మ సాయంతో అంబలి కుండ దాని మీదికి ఎత్తారు. గిన్నెల బుట్ట తాను పట్టుకున్నారు. ఇద్దరూ జీడితోటల్లోంచి పిక్కల మిల్లు దాకా నడిచారు. 

మిల్లు మేస్త్రీ మొదట గొణిగాడు. గురువుగారు చేతులు జోడించేసరికి గేటు తీశాడు. ఆడవాళ్లు జీడిపాలుకు నల్లబడిన చేతులతోనే గిన్నెలు అందుకుని గబగబా తాగారు. ఎవరూ ఆలస్యం గురించి ఎత్తలేదు. పొద్దున కేకేసిన ఆవిడ ఖాళీ గిన్నె తిరిగిస్తూ భానోజీ మొహం చూసింది.

"నువ్వు తాగినావా బాబూ?"

అతను తాగలేదు. తల అడ్డంగా ఊపాడు.

"మాకోసం నెత్తినెట్టుకుని ఇంత దూరం మోసుకొచ్చి నువ్వు తాగకపోతే ఎలాగయ్యా?" అంటూ కుండ అడుగున మిగిలింది గిన్నెలోకి ఒంపి అతని చేతిలో పెట్టింది.

భానోజీ తల దించుకుని తాగాడు. తర్వాత ఆవిడకి నమస్కారం పెట్టాడు. ఎందుకో ఆవిడకి అర్థం కాలేదు. నవ్వి పనిలోకి వెళ్లిపోయింది.

ఆశ్రమానికి వచ్చాక స్నానం కూడా చెయ్యకుండా కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఫోన్లలో తాను పెట్టిన మార్పు తీసేశాడు. పెద్దలకు పంపినదాన్ని వెనక్కి తీసుకున్నాడు. దాని బదులు కొత్త పరీక్షలు రాశాడు. మళ్లీ టోక్యో, నైరోబీ, లండన్, కువైట్ గడియారాలు పెట్టి చూశాడు. ఈసారి గంట అన్నిచోట్లా ఒకే క్షణంలో మోగిందా అని అడగలేదు. అక్కడివాళ్లకు నాలుగున్నర అయ్యాకే మోగిందా అని అడిగాడు. ఆ ఖాళీని ఇంకెవరైనా పూరించబోతే ఆ పరీక్ష వాళ్లను ఆపుతుంది.

పోర్చుగల్ పెద్దాయనకు ఇలా రాశాడు: "నేను అడగలేదు. నా తొందరవల్ల ఒకామె చెయ్యి కాలింది. మీరు అడిగినందుకు మీకు రుణపడి ఉన్నాను."

సాయంత్రానికి జవాబు వచ్చింది: "ఇన్నేళ్లుగా ఈ పరీక్ష రాయాలని మాలో ఎవరికీ తోచలేదు. రాసినందుకు మేమందరం నీకు రుణపడ్డాం. ఆమె చెయ్యి ఎలా ఉంది?"

భానోజీ ఆ ఆఖరి మాట రెండుసార్లు చదువుకున్నాడు. వెంటనే పోలమ్మకి ఫోను చేశాడు.

"చెయ్యి ఎలా ఉందమ్మా?"

"తగ్గతంది బాబూ. ఇయ్యాల బాగా నిద్దరోయాను గదా, ఇంటామె కూడా ఏటీ అన్నేదు."

"తప్పు నాది. ఆ రెండింటి గంట నేను పెట్టిందే. గురువుగారి మాట కాదు. ఇకనుంచి మీ గంట మీ నాలుగున్నరకే మోగుతుంది."



"మరి గురువుగారో?"

"ఆయన రేపటినుంచి ఎప్పట్లా ఇక్కడి నాలుగున్నరకి కూర్చుంటారమ్మా."

"అయితే ఇయ్యాల వచ్చింది ఒక్కరోజుకేనా?" ఆమె గొంతు చిన్నదైపోయింది. "ఇంక నానొక్కదాన్నే కూకోవాలేటి బాబూ? రెండింటికి లేవటం నాకేటీ కష్టం కాదు. మానేస్తే ఆయనకి దూరమైపోతానేమో."

భానోజీ ఫోను తీసుకెళ్లి గురువుగారి చేతికిచ్చాడు. ఆయన రేపటి అంబలికి చోళ్లు నానబోస్తున్నారు. తడిచెయ్యి పంచెకి తుడుచుకుని ఫోను అందుకున్నారు. ఆమె చెప్పిందంతా విన్నారు.

"పోలమ్మా, నువ్వు కూర్చునే వేళకి నేను అంబలి పోస్తుంటాను. నేను కూర్చునే వేళకి నువ్వు నిద్రపో."

భానోజీ గుమ్మంలో నిలబడి ఉన్నాడు.  ఫోనులోంచి పోలమ్మ ముక్కు ఎగబీల్చిన చప్పుడయింది.

"అలాగేనండి," అంది. "నిద్దరోతానండి."