జనరేటర్‌కి దువా

సుభానీకి ఒకటే తలనొప్పి. జనరేటర్.

దర్గా పక్కనే యూసుఫ్ బాబా పెట్టిన చిన్న ఉచిత ఆసుపత్రి ఉంది. కరెంటు పోతే అక్కడ జనరేటర్ వేసేది సుభానీయే. బాబా శిష్యుల్లో కొత్తోడు, నోరు మాత్రం పెద్దది. "కరెంటోళ్లు నిద్రపోతారేమో గానీ నా జనరేటర్ నిద్రపోదు" అని వచ్చినోళ్లందరికీ చెప్పుకునేవాడు.

అలాంటోడికి వారం నుంచి పరువు పోతోంది.

వార్డులో కిటికీ పక్క మంచం కోటమ్మది. మిరపకాయల కళ్లాల్లో పని చేసీ చేసీ ఊపిరితిత్తులు పాడైపోయాయి. ముక్కుకి గొట్టం, పక్కన ఆక్సిజన్ మిషన్. కరెంటు ఉన్నంతసేపూ మిషన్ బుద్ధిగానే నడుస్తుంది. జనరేటర్ మీదికి మారిందా, ఇక కీ కీ కీ అని ఒకటే అరుపు. అది అరిచినంతసేపూ గాలి సరిగ్గా రాదు. కోటమ్మ గుడ్లు తేలేస్తుంది.

"వోల్టేజీ చాలట్లేదు సుభానీ," అంది రత్నకుమారి సిస్టర్. "ఇలాగైతే ఈమెని గుంటూరు పంపించెయ్యాల్సిందే. దార్లో ఏమన్నా అయితే పూచీ నాది కాదు."

"నా జనరేటర్‌కేం సిస్టర్, గుర్రం! మీ మిషనే డొక్కుది."

కోటమ్మ రొప్పుతూనే నవ్వింది. "ఏరా అబ్బాయ్, ఆయాసం నాకా, నీ గుర్రానికా?"

వార్డంతా గొల్లున నవ్వింది. సుభానీకి చెవులు మండిపోయాయి.

డీజిల్ మార్చాడు. ఫిల్టర్ మార్చాడు. కనపడ్డ బోల్టునల్లా బిగించాడు. ఊహూఁ. మర్నాడు మధ్యాహ్నం కరెంటు పోగానే మళ్లీ అదే కీ కీ కీ. ఆ పూట కోటమ్మ జోకులేం వెయ్యలేదు. మంచం పట్టీ గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకుంది. సిస్టర్ అంబులెన్సుకి ఫోన్ చేస్తానంది. "రేపొక్కరోజు ఆగండి సిస్టర్" అని సుభానీ బతిమాలాడు.

ఆ రేపు రానే వచ్చింది. మధ్యాహ్నం నమాజు అయ్యి బాబా గదికి వెళ్తుంటే సుభానీ ఎదురెళ్లాడు.

"బాబా, జనరేటర్‌కి ఒక దువా చెయ్యండి."

బాబా ఆగారు. "జనరేటర్‌కా?"

"నవ్వకండి బాబా. నా చేతిలో ఉన్నదంతా చేశా. కోటమ్మ మామ్మని పంపించేస్తారంట. దారిలోనే పోతుందేమోనని భయంగా ఉంది."

బాబా నవ్వలేదు. "దువా చేసేటప్పుడు రోగం కళ్ల ముందుండాలి. కరెంటు పోయేదాకా కూర్చుందాం, రా."

వార్డు గోడకి ఆనుకునే ఉన్న ఆ గది చల్లగా ఉంది. మూలన కూలర్ తిరుగుతోంది. ఎవరో భక్తుడు తెచ్చిచ్చాడు. బాబా వచ్చేసరికి గది చల్లబడి ఉండాలని సుభానీ రోజూ ముందే వేసి పెడతాడు. బయట మే నెల ఎండ. రోడ్డు మీద కుక్క కూడా లేదు.

ఇద్దరూ చాప మీద కూర్చున్నారు. సుభానీ రెండుసార్లు మాట కలపబోయాడు. బాబా తస్బీ పూసలు తిప్పుకుంటున్నారు. 

కాసేపటికి ట్యూబ్‌లైటు పోయింది. కూలర్ ఆగింది. సుభానీ ఒక్క ఉరుకున వెళ్లి జనరేటర్ వేసి, రొప్పుకుంటూ వచ్చాడు.

గోడ అవతల కీ కీ కీ మొదలైంది.

"విన్నారా బాబా? అదే!"

బాబా అటు చూడట్లేదు. పైన ట్యూబ్‌లైటు చూశారు. వెలగట్లేదు. మూలన కూలర్ చూశారు. తిరుగుతోంది.

"లైటు లేదు. ఇదెట్లా తిరుగుతోంది?"

సుభానీ మొహం వెలిగిపోయింది. ఎప్పుడు అడుగుతారా అని వారం నుంచి చూస్తున్నాడు మరి. "పోయిన శుక్రవారం నేనే ఆసుపత్రి లైన్లోంచి వైరు లాగాను బాబా! ఊరు ఊరంతా ఉడికిపోనీ, మీకు మాత్రం చెమట పట్టకూడదు. నేనుండగా..."

బాబా లేచారు. మోకాళ్ల నొప్పి, గోడ పట్టుకుని మెల్లగా నడిచారు. కూలర్ స్విచ్ కట్టేశారు.

రెక్కలు నాలుగు చుట్లు తిరిగి ఆగాయి.

గోడ అవతల అరుపు కూడా ఆగింది.

సుభానీ గోడ వైపు చూశాడు, మళ్లీ కూలర్ వైపు చూశాడు. అవతల నుంచి పెద్ద దగ్గు ఒకటి. ఆ వెనకే కోటమ్మ గొంతు. "అమ్మయ్య... ఊరుకుందే సిస్టరూ, ఈ పీడ."

అప్పుడే బాబా నుదుటి మీద చెమట పట్టింది. భుజం మీద కండువాతో తుడుచుకున్నారు.

"మీకు ఉక్కపోస్తుందని బాబా..." అన్నాడు సుభానీ. 

బాబా మళ్లీ చాప మీద కూర్చుని తస్బీ అందుకున్నారు.

"దువా అయిపోయింది బేటా. పోయి ఆ వైరు చుట్టెయ్."

సుభానీ వెళ్లాడు. జనరేటర్ షెడ్డులో ప్లగ్గు పీకి, వార్డు గోడ వెంబడి వైరు చుట్టుకుంటూ వచ్చాడు. కిటికీ దగ్గరికి వచ్చేసరికి కోటమ్మ చూసింది.

"ఏరా అబ్బాయ్, నీ గుర్రానికి ఆయాసం తగ్గిందా?"

సుభానీ తలొంచుకుని చుట్టుకుంటూ పోయాడు.

చేతిలో వైరు ఇంకా వెచ్చగానే ఉంది.