వడ్డనకు ముందు మింగిన మాత్ర

మీరేం చూశారో ముందు చెప్పండి. ఒక కోడలు. ఇంట్లో అన్నానికి లోటు లేదు, మందుకు లోటు లేదు. అయినా మనిషి పుల్లలా అయిపోతోంది. తిన్న నెయ్యీ నూనే ఒంటికి పట్టకుండా విరేచనంలో తేలిపోతున్నాయి. మాత్రలు మింగినట్టు నటిస్తోందన్నారు ఇరుగుపొరుగు. మీరూ అదే అంటారా?

బొబ్బిలిలో డాక్టరు పైడిరాజు గారి దగ్గర వైద్యం నేర్చుకుంటున్న నీలవేణికీ ఆ అనుమానం లేకపోలేదు. ఆ కోడలు గౌరీశ్వరికి క్లోమం పాడైంది. తిన్నది అరిగించే రసం చాలినంత ఊరదు. ఆ పని మాత్రే చేయాలి. అన్నంతో పాటు కడుపులో పడితేనే చేస్తుంది. మొదటి ముద్దతో వేసుకోమని నీలవేణి చెప్పే పంపింది. నెలలు గడిచినా బరువు పెరగలేదు. ఈసారీ పెరగకపోతే కోడల్ని పుట్టింట్లో దింపేస్తాననీ, మనవణ్ణి మాత్రం పంపననీ మామగారు తేల్చేశాడు.

"మోతాదు పెంచమంటారా సార్?" అని అడిగింది నీలవేణి.

పైడిరాజు గారు మర్నాడు భోజనానికి వస్తున్నామని కబురు పెట్టి, ఆమెను వెంటబెట్టుకుని ఆ ఇంటికే వెళ్లారు.

పీటలు వాల్చారు. గౌరీశ్వరి గూట్లోంచి సీసా తీసి మాత్ర మింగింది. తినడం మొదలుపెడితే చెయ్యి ఎంగిలవుతుంది, ఆ చేత్తో సీసా తాకకూడదు, అందుకని ముందే. ఆ తర్వాత వడ్డనకు వంగింది. నీలవేణి ఏదో అనబోతే గురువు కంటిచూపుతోనే ఆపారు.

మామగారు పప్పు మారు అడిగాడు. మొగుడు పులుసు పోయించుకుని, ముక్కలు రాలేదని గరిటె మళ్లీ ముంచమన్నాడు. పెసర చేలకు పట్టిన తెగులు గురించి మాట్లాడుకుంటూ తాపీగా తిన్నారు. గౌరీశ్వరి ఆకలి ఎవరికీ గుర్తు రాలేదు. చెడ్డవాళ్లేం కారు. చెడ్డవాళ్లే అయితే నాలుగు తిట్టి ఊరుకునేవాణ్ణి.

పైడిరాజు గారు మాత్రం విస్తట్లో చెయ్యి పెట్టలేదు.

"ముద్ద కలపండి డాక్టరుబాబూ, సల్లారిపోతంది. మా కోడలి వంటకి బయపడ్డారేటి?" అని మామగారు నవ్వాడు.

అమ్మాయి ఇంకా తినలేదు కదా అన్నారాయన. మగాళ్లూ చుట్టాలూ లేచాకే తింటుందనీ, అది తమ ఇంటి పద్ధతనీ మామగారు చెప్పాడు.

"ఆవిడ మాత్ర మనతో పాటే బంతిలో కూర్చుంది నాయుడుగారూ. ఆవిడే ఇంకా కూర్చోలేదు."

నీలవేణి కలిపిన ముద్ద చేతిలోనే ఉండిపోయింది. గౌరీశ్వరి గరిటెను పెరుగు గిన్నెలో వదిలేసి గోడవార నిలబడింది. మొగుడి విస్తట్లో ఆఖరి అన్నం పెరుగు లేకుండా ఆరిపోతోంది. ఆ గరిటె అందుకోవడానికి ఎవరో ఒకరు లేవాలి. ఆ పీట మీద మీరే ఉంటే, లేచేవారా?