చిలకలకి ఉప్పూ కారం

దస్తగిరికి వచ్చిన కష్టమల్లా జలుబు చెయ్యకపోవడం.

ఆ ఏడు వాన పట్టుకుంది, వదల్లేదు. సగిలేరు పొంగి బస్సు అవతలి ఒడ్డునే ఆగిపోయింది. కూరగాయల బండి రాలేదు, పండ్ల బండీ రాలేదు. ముదిరేడుపల్లెకి పడిశం మాత్రం ఏ బండీ లేకుండానే వచ్చింది. సర్పంచి ఓబుల్‌రెడ్డి తుమ్మితే పక్కింటి గేదె కట్టు తెంచుకుందని చెప్పుకున్నారు. గేదె మాట అబద్ధం కావచ్చు, తుమ్ము మాత్రం ఊరంతా విన్నదే. బళ్ళో పార్థసారథి పంతులు ముక్కు చీదుకుంటూ ఎక్కాలు చెబితే, పిల్లలు ఆ చీదుడుతో సహా అప్పజెప్పారు.

ఊరి చివర ఫకీరు తోటలో ఉండే దస్తగిరి ఒక్కడే నున్నగా, చలవ చేసిన చొక్కాలాగా తిరుగుతున్నాడు.

ఆ తోట గఫార్ బాబాది. బాబా ముసలాయన. మాట తక్కువ, చీపురు ఎక్కువ. తోట ఊడ్చే పని ఎవరికీ ఇవ్వడు. రోజూ పొద్దున తానే చెట్ల కిందంతా ఊడుస్తాడు. ఆయనకి దస్తగిరి శిష్యుడు. ఇద్దరికీ వండిపెట్టేది ఇమాంబీ. తల్లి లేని దస్తగిరి చిన్నప్పుడు తోటకి వస్తే, అన్నం కలిపి ముద్దలు పెట్టి పెంచింది ఆమే.

మనిషికి జలుబు చెయ్యకపోతే దానికి కారణం ఉండాలి కదా. ఊరు తలా ఒకటి వెతికింది. తెల్లారకముందే బావి దగ్గర చన్నీళ్ళు పోసుకుంటాడన్నారు కొందరు. దేవుడి పేరు తలుచుకుంటూ ఊపిరి బిగబడతాడన్నారు ఇంకొందరు.

"అదేం లేదప్పా" అన్నాడు దస్తగిరి మొదటిరోజు.

నిజమే చెప్పాడు. కానీ కళ్ళు దించుకుని, చిన్నగా నవ్వుతూ చెప్పాడు. అలా చెబితే ఎవరు నమ్ముతారు? "చూడు, ఎంత అణకువో" అని జనం ఇంకో మెట్టు పైకెక్కించారు. దస్తగిరికి ఆ మెట్టు మీద గాలి బాగానే తగిలింది. రెండోరోజు నుంచి "అదేం లేదు" అనడం మానేసి, ఊరికే నవ్వడం మొదలుపెట్టాడు.

ఇంతకీ కారణం తోటలోనే ఉంది. బావికి ఇవతల, జామచెట్టు.

ఆ తోటలో ఒక పద్ధతి ఉంది. చెట్టున ఏది పండినా ముందు జబ్బు చేసి పడుకున్నవాళ్ళకి వెళ్ళాలి. మిగిలితే తిరిగేవాళ్ళకి. కాయలు కోసి పంచే పని దస్తగిరిది. ఆ వానల్లో తోటలో మొదట పడుకున్నది ఇమాంబీ. దగ్గు, జ్వరం. మంచం దిగలేకపోయింది.

హకీం నూరుల్లా వచ్చి నాడి చూసి, పొట్లాలిచ్చి, పోతూ పోతూ జామచెట్టు వైపు చూశాడు.

"రోజూ ఒక మంచి పండు పెట్టండి ఈమెకి."

"జామపండు జ్వరం తగ్గిస్తుందా హకీం సాబ్?" అని దస్తగిరి అడిగాడు.

"పండు జ్వరాన్ని కొట్టదు నాయనా. ఒంట్లో జ్వరంతో కొట్లాడేవాడు ఒకడుంటాడు చూడు, వాడికి అన్నం పెడుతుంది. మందు మందే. ఇది దానికి తోడు."

ఆ మాట ఇమాంబీ కోసం చెప్పింది. చెవికెక్కింది మాత్రం దస్తగిరికి.

మర్నాడు తెల్లవారుజామున చెట్టు కిందకి వెళ్ళేసరికి అతనికి గొంతులో గరగరలాడింది. ముందురోజు సర్పంచి అరుగు మీద పొద్దుపోయేదాకా ఉపదేశం చేస్తే గొంతు గరగరలాడక ఏం చేస్తుంది? దస్తగిరికి అది తట్టలేదు. జ్వరమే వస్తోందనుకున్నాడు. 'నేనూ పడుకుంటే ఇమాంబీకి కాయ కోసిచ్చే దిక్కెవరు?' అనుకున్నాడు. ఇమాంబీ మేలు కోరి ఇమాంబీ పండు తినేశాడు.

గరగర తగ్గింది. నోరు మూసుకుని కాసేపు కూర్చున్నా తగ్గేదే.

ఆ తర్వాత భయం రోజుకో రకంగా వచ్చింది. ఒకరోజు కాళ్ళ నొప్పి, ఒకరోజు చెవిలో హోరు. చివరికి ఏ నొప్పీ లేని రోజు కూడా చెయ్యి కొమ్మ మీదికే వెళ్ళింది. ఇప్పుడు అసలు భయం వేరు. ఊరంతా చూస్తుండగా తుమ్మితే ఎలా?

బాగా పండినది అతను తింటాడు. పచ్చిగా, రాయిలా ఉన్నది ఇమాంబీకి తెచ్చిస్తాడు.

"ఇదేనా నాయనా దొరికింది?"

"చిలకలు కొట్టేస్తాండాయి ఇమాంబమ్మా. గుంపులు గుంపులుగా వస్తాండాయి."

"తిననీలే. వాటికి మాత్రం ఎవరుండారు?" అనేది ఇమాంబీ. ఉన్న నాలుగు పళ్ళతో కొరకలేక, మంచం పక్కన చిన్న రోలు పెట్టించుకుని ఆ పచ్చికాయని దంచుకుని మింగేది. మింగి, "నువ్వన్నా బాగుండావు, అంతే చాలు" అనేది.

ఆ మాట విన్నప్పుడు దస్తగిరికి లోపల ఏదో ముల్లులా గుచ్చుకునేది. అయితే సాయంత్రం సర్పంచి అరుగు మీద కూర్చోగానే అది తగ్గిపోయేది. ఆ అరుగు చాలా నొప్పులకి మంచి మందు.

ఇలా ఉండగా ఎగువపల్లె నుంచి కబురొచ్చింది. వాళ్ళ ఊళ్ళో ప్రార్థనకి కొత్తగా ఒక మందిరం కట్టుకున్నారు. అందులో కూర్చుని నాలుగు మంచిమాటలు చెప్పే గురువు కావాలి. జబ్బు దగ్గరికి రాని దస్తగిరి కన్నా తగినవాడెవరని, అతన్ని అడిగి తీసుకుపోవడానికి మర్నాడు వస్తున్నారు.

ఆ సాయంత్రం బాబా అడిగాడు. "ఇమాంబీకి ఇయ్యాల కూడా పచ్చికాయేనా?"

"చిలకలు బాబా" అన్నాడు దస్తగిరి.

"పాపం" అన్నాడు బాబా. చిలకల్నో, ఇమాంబీనో చెప్పలేదు.

తెల్లవారుజామున దస్తగిరి చెట్టు కిందకి వెళ్ళాడు. అక్కడ బట్టలుతికే రాయి మీద బాదం ఆకు ఒకటి పరిచి ఉంది. దాని మీద ఉప్పూ, ఎర్రగా దంచిన కారమూ.

ఇమాంబీ పెట్టి మరిచిపోయిందనుకున్నాడు. ఇమాంబీ మంచం దిగి చాన్నాళ్ళయిందని గుర్తు రాలేదు. ఉప్పూ కారం కళ్ళబడ్డాక మనిషికి గుర్తు రానివి చాలా ఉంటాయి. ఆ రోజు పైకొమ్మన ఒక దోరపండు, నిమ్మపండు రంగులో, అతని కోసమే ఆగినట్టుంది. ఎగువపల్లె వాళ్ళొచ్చే రోజు తుమ్మకూడదు కదా. కోసి, నాలుగు చెక్కలు చేసి, అద్దుకుని తిన్నాడు. అన్ని రోజులూ తిన్నది ఒక ఎత్తు, ఆ రోజు తిన్నది ఒక ఎత్తు. ఆకుకి అంటిన కారం కూడా వేలితో తుడుచుకుని నాకి, ఆకుని మడిచి కంచె అవతల పడేశాడు.

పొద్దెక్కాక ఎగువపల్లె పెద్దలు కొండదారిన నడిచి వచ్చారు. ముందు నడిచింది చెన్నప్ప. ఆయన ముక్కు ఎర్రగా, ఆయన కన్నా ముందు నడిచింది. వెనకాలే మన సర్పంచి, పంతులు. ఎవరూ పిలవలేదు, అందుకే తప్పకుండా వచ్చారు. అందరూ వాకిట్లో చాప మీద కూర్చున్నారు. వాన కాస్త తెరిపిచ్చిందని ఇమాంబీ మంచం కూడా ఎండ కోసం వాకిట్లోనే వేసి ఉంది.

"సామీ, మీ శిష్యుణ్ణి మాకియ్యండి" అన్నాడు చెన్నప్ప. "మా ఊరంతా మూలుగుతాండాది. ఈయప్ప ఒక్కడికి ఏమీ కాలే. ఆ గుట్టేందో మాక్కూడా చెప్పిస్తే పుణ్యముంటాది."

బాబా చీపురు గోడకి ఆనించి వచ్చి కూర్చున్నాడు. దస్తగిరి వైపు తిరిగాడు.

"ఇయ్యాల చిలకలు వచ్చినాయా?"

దస్తగిరి అలవాటుగా కళ్ళు దించుకున్నాడు. "వచ్చినాయి బాబా."

"ఉప్పు చాలిందా వాటికి?"

సర్పంచి నవ్వాడు. నవ్వు మధ్యలో దగ్గొచ్చి, దగ్గు మధ్యలో తుమ్మొచ్చి, మొత్తానికి ఏది ఎక్కడ ముగిసిందో తెలియలేదు. "చిలకలకి ఉప్పేంది బాబా? మిరపకాయలు తింటాయని విన్నాం గానీ."

"అందుకేనా సామీ రాత్రి మిరపకాయలు దంచుతా అన్ని తుమ్ములు తుమ్మినావు?" అంది ఇమాంబీ మంచం మీద నుంచి. "జ్వరం నాకా ఈయనకా అనుకున్యా."

"చిలకలు కాయని సగం కొరికి సగం కింద పారేస్తాయి" అన్నాడు బాబా. "మన తోటకొచ్చేవి మర్యాదగలవి. ఊడ్చడానికి ఒక్క తునక కూడా మిగల్చవు. అట్లాటివాటికి వట్టికాయ పెట్టడం బాగుండదని."

అందరూ నవ్వారు. బాబా నవ్వలేదు. దస్తగిరి వైపు చూడనూ లేదు. చాప చివర లేచిన ఈనెని వేలితో సర్దుతూ కూర్చున్నాడు.

దస్తగిరికి చెవులు కాలిపోయాయి. పెదవి చివర ఇంకా కారం మండుతోంది. తుడుచుకుందామంటే చెయ్యి లేవలేదు. తుడుచుకుంటే అందరూ చూస్తారు. తుడుచుకోకపోయినా బాబా ముందే చూసేశాడు.

"గుట్టు చెప్పప్పా" అన్నాడు చెన్నప్ప.

"చన్నీళ్ళు కాదు" అన్నాడు దస్తగిరి. "జపమూ కాదు. జామపండ్లు. రోజూ ఇమాంబమ్మకి పోవాల్సిన పండు నేను తిన్యా. చిలకలు లేవు, ఏమీ లేవు. నేనే."

పంతులు గొంతు సవరించుకున్నాడు.

"జామలో సి విటమిన్ నారింజలో కన్నా ఎక్కువే. రోగాన్ని ఎదిరించే శక్తికి మంచిది" అన్నాడు, ఎవరూ అడక్కుండానే. "అయినా ఈయన చెప్పేది అది కాదు. తన గొప్ప బయటపడకుండా నింద మీదేసుకుంటున్నాడు. పెద్దవాళ్ళు ఇలాగే చేస్తారు."

"అదే నేనూ అనుకున్యా" అన్నాడు చెన్నప్ప, చేతులు జోడిస్తూ. "ఇట్లాంటాయనే మాకు కావల్ల."

"లేదప్పా, నిజంగా..."

"వింటిరా? ఇంకా లేదంటాండాడు."

దస్తగిరి బాబా వైపు చూశాడు. అన్ని రోజులూ అణకువని వేషంలా వేసుకుని తిరిగాడు. ఇప్పుడు విప్పుదామంటే ఊరు విప్పనివ్వడం లేదు. బాబా లేచి, చీపురు తీసుకుని తోటలోకి వెళ్ళిపోయాడు. ఊడ్చేసిన చోటే మళ్ళీ ఊడుస్తున్న చప్పుడు వినిపించింది.

ఎగువపల్లె వాళ్ళు శుక్రవారం వచ్చి తీసుకుపోతామని చెప్పి వెళ్ళారు.

వాకిట్లో దస్తగిరి, మంచం మీద ఇమాంబీ మిగిలారు. అతను చెట్టంతా వెతికి, ఆకుల మాటున మిగిలిన ఒక్క పండు కోసి, మెత్తటి భాగం చెంచాతో తీసి గిన్నెలో వేసి తెచ్చాడు. మంచం పక్కన కింద కూర్చున్నాడు. పక్కనే రోలు. అందులో నిన్నటి పచ్చికాయ పిప్పి ఎండి అంటుకుని ఉంది.

"నిజంగా నేనే తిన్యా ఇమాంబమ్మా" అన్నాడు.

వాళ్ళందరూ నమ్మకపోయినా ఆమె నమ్ముతుందని అతనికి తెలుసు. తిడుతుందని ఎదురుచూశాడు. తిడితే బాగుండుననుకున్నాడు.

ఇమాంబీ అతని మొహంలోకి చూసింది. కొంగు చివర తడిచేసి, అతని పెదవి పక్కన ఎర్రగా ఉన్న కారం తుడిచింది, ముద్దలు పెట్టిన రోజుల్లో తుడిచినట్టే.

"ఆకలేసిందా నాయనా?" అంది.

దస్తగిరి తల రోలు మీదికి వంగిపోయింది.

ఆ రోజు నుంచి చెట్టున పండినదల్లా ఆమె గిన్నెలోకే వెళ్ళింది. గంజి, హకీం పొట్లాలు, పండు, ఎండ, అన్నీ కలిసి నెమ్మదిగా పని చేశాయి. శుక్రవారానికి ఇమాంబీ పొయ్యి దగ్గర కూర్చుని, దస్తగిరికి వంట చేతకాదని తిట్టేంత కోలుకుంది.

శుక్రవారం ఎగువపల్లె వాళ్ళు పూలమాలతో వచ్చారు. దస్తగిరి వాకిట్లోకి వచ్చి, మళ్ళీ ఒకసారి "నేను రాలేనప్పా, నేను తగను" అని చెప్పబోయాడు. చెప్పేలోపు తుమ్మాడు.

ఒకటి కాదు. మొదలుపెడితే ఆగలేదు. సర్పంచి తుమ్ము దీని ముందు చిన్నబోయింది.

నిజం చెబితే నమ్మనివాళ్ళు తుమ్మితే వెంటనే నమ్మారు. చెన్నప్ప పూలమాలని సంచిలోకి తోస్తూ, "వంట్లో బాగలేనట్టుండాదే. మళ్ళా వస్తాములే" అన్నాడు. మళ్ళీ రాలేదు. పంతులు తనకి మొదటి నుంచీ అనుమానమేనని ఊళ్ళో చెప్పుకున్నాడు.

దస్తగిరి దుప్పటి కప్పుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. జ్వరానికి ఒళ్ళు కాలుతోంది. జ్వరం కన్నా సిగ్గు ఎక్కువ కాలింది. ఎవరూ తన దగ్గరికి రాకపోతే బాగుండుననుకున్నాడు.

బాబా వచ్చాడు. చేతిలో బాదం ఆకు. దాని మీద చెక్కలు కోసిన జామపండు, చిటికెడు ఉప్పూ కారం. ఆకుని మంచం పక్కన పెట్టాడు.

"ఇమాంబమ్మకి ఇయ్యండి బాబా" అన్నాడు దస్తగిరి, గోడవైపు నుంచి తిరక్కుండానే.

"కోసిచ్చింది ఆమే" అన్నాడు బాబా. "పడుకున్నవాళ్ళకి ముందు. ఇయ్యాల పండు నీది."

దస్తగిరి లేచి కూర్చున్నాడు. ఒక చెక్క తీసుకుని అద్దుకున్నాడు. అదే చెట్టు, అదే పండు, అదే కారం. నమిలి మింగడానికి చాలాసేపు పట్టింది. కళ్ళ నుంచీ ముక్కు నుంచీ నీళ్ళు కారాయి. ఏవి ఎందుకో బాబా అడగలేదు.

వేరే మాట అడిగాడు.

"ఉప్పు చాలిందా?"

"చాలింది బాబా" అన్నాడు దస్తగిరి.