రెప్ప మీద పులిపిరి

పొద్దుటి నుంచీ సుధీంద్రకి కాలు ఒకచోట నిలవడం లేదు. లేజరు గదిలో అతను తిరిగిన తిరుగుడుకి గచ్చు అరిగిపోయి కింది అంతస్తు కనబడిందంటే నమ్మాలి మీరు.

“ఇవాళ తవిటమ్మకి బెదురు లేకుండా లేజరు చేశావంటే రేపట్నించి ఈ గది నీదే,” అంది మెహరున్నీసా మేడం. అతనికి పని నేర్పుతున్న కళ్ళ డాక్టరు ఆవిడ. ఆవిడ చెప్పుల చప్పుడు వింటే చాలు, రెప్పల మీది పులిపిర్లు వాటంతటవే రాలిపోతాయని విజయనగరమంతా చెప్పుకుంటారు.

తవిటమ్మ రెప్పల మీద మిరియాలంతేసి పులిపిర్లు. సుధీంద్ర మత్తుసూది వేశాడు. లోపలి కన్ను కాలకుండా రెప్పల కింద లోహపు డొప్పలు అమర్చాడు. కాలితో లేజరు వెలిగించే పెడలు నొక్కాడో లేదో, ఆవిడ ఎగిరిన ఎగురుకి ఫ్యాను తలకి తగలకపోవడం ఆవిడ అదృష్టం.

“కదలొద్దన్నానా!”

“నాను కదల్నేదు బాబూ. రెప్పే కదిలింది.”

డొప్పలు తీసేసి విసురుగా మేడం దగ్గరికొచ్చాడు. “నొప్పుండదు, రెండు నిమిషాల పని. ఊరికే భయపడతారు మేడం!”

మేడం అతని మొహంలోకి చూసింది. “నీ ఎడంరెప్ప మీదా ఒకటుందిగా?”

“అదా... చిన్నదే. ఉండనీండి మేడం.”

“రెండు నిమిషాల పనేగా. పడుకో.”

తవిటమ్మ లేచి చోటిచ్చి, తమాషా చూడ్డానికి స్టూలు లాక్కుంది.

చుక్కలమందు వేసి డొప్పలు పెట్టగానే సుధీంద్రకి లోకం ఆరిపోయింది. మిషను గుర్రుమంది. ఆ తర్వాత ఏమీ లేదు. మనిషి అలికిడే లేదు.

“మొదలుపెట్టారా మేడం?”

కాలి బొటనవేళ్ళు ముడుచుకున్నాయి.

“ఏ పక్క నుంచి మేడం?”

చెమట పారింది చూడండి, పడవేసుకుని గంట్యాడ దాకా వెళ్ళొచ్చు. ఎక్కడో టిక్కుమంది. సుధీంద్ర లేచిన ఎత్తు ముందు తవిటమ్మది ఓ ఎత్తే కాదు.

మేడం డొప్పలు తీసింది. పులిపిరి రెప్ప మీదే ఉంది. పెడలు గదికి అవతలి మూల ఉంది. మేడం చేతిలో పెన్నుమూత.

“నువ్వూ కదల్నేదులే బాబూ,” అంది తవిటమ్మ. “రెప్పే కదిలింది.”

మేడం పెన్నుకి టిక్కున మూత పెట్టింది.

సుధీంద్ర తవిటమ్మని మళ్ళీ పడుకోబెట్టి, పెడలు దగ్గరికి లాక్కున్నాడు. డొప్పలు పెట్టాక ఆవిడ నుదుటి మీద అరచెయ్యి ఆనించాడు.

“తవిటమ్మా, ఇది నా చెయ్యి. ముందు కుడిరెప్ప. చిటుక్కుమంటుంది, అంతే. నువ్వు సరే అన్నాకే నొక్కుతాను.”

తవిటమ్మ ఆలోచించుకుంటోంది. మేడం గది తాళంచెవి బల్లమీద పెట్టి చప్పుడు కాకుండా వెళ్ళిపోయింది.

సుధీంద్ర కాలు పెడలు పక్కన కదలకుండా ఉంది.

“సరే బాబూ,” అంది తవిటమ్మ.