గాజు కింద నడిచిన వెలుగు

అనగనగా ఒక ఊళ్ళో, మన పాలకొల్లు పక్కనే అనుకో, మాణిక్యమ్మ అని ఒకావిడ ఉండేది తల్లీ. ఆవిడ చంటిపిల్లగా ఉన్నప్పుడే వాళ్ళమ్మ పోయింది. అమ్మ పెన్సిలుతో రాసిన జోలపాట కాగితం ఒక్కటే మిగిలింది. అందులోనూ ఆఖరి పాదం చెరిగిపోయింది. అదేమిటో ఎవరికీ తెలీదు.

ఒకనాడు, తెల్లారితే మనవరాలి బారసాల. ఉయ్యాల్లో వేసి ఆ పాటే పాడాలని మాణిక్యమ్మ ఆశ. సగం పాట ఎలా పాడుతుంది చెప్పు?

అప్పుడు అటక మీది పాత స్కానరు గుర్తొచ్చింది. వాళ్ళాయన పట్టాభి జిరాక్సు కొట్టు నడిపిన రోజుల్లోది. దించి, కంప్యూటరుకు తగిలించి, చెరిగిన రాత తెర మీద కనపడుతుందేమోనని కాగితం లోపల పెట్టి మీట నొక్కితే, టకటకా కొట్టుకుందే గానీ లోపలి దీపం కదల్లేదు.

"దాని పని అయిపోయిందే, వదిలెయ్," అన్నాడు పట్టాభి.

"నేను వదలనండి," అని ఆవిడ దాన్ని మెల్లిగా ఎత్తి అడుగున చూసింది. అక్కడో చిన్న తాళం గుర్తు. కొట్టు మూసేసి ఇంటికి తెచ్చేటప్పుడు, దారిలో దీపం కదలకుండా తనే బిగించి మర్చిపోయాడు ఆ మహానుభావుడు. ఆవిడ తాళం జరిపి మళ్ళీ మీట నొక్కింది. అప్పుడు మూత సందులోంచి చూస్తే, గాజు కింద తెల్లటి వెలుగు ఈ చివర నుంచి ఆ చివరకి నడుచుకుంటూ పోయింది. మాణిక్యమ్మ అలా నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది.

ఆ తర్వాత కాగితం బొమ్మ తెర మీదికొచ్చింది. సరిగ్గా ఆఖరి పాదం మీద ఎర్రమచ్చ. ఏమిటనుకున్నావ్? ప్రతి దసరాకీ ఆయుధపూజ అని గాజు మీదే కుంకుమబొట్టు పెట్టేది కదూ, మన మాణిక్యమ్మే.

"దండం పెడుతూ దాని కంట్లోనే కుంకుమ కొట్టానండీ," అని లెంపలేసుకుంది. తడిగుడ్డతో తుడిచింది.

మళ్ళీ మీట నొక్కితే మచ్చ పోయింది గానీ అక్షరాలు రాలేదు. అంతా తెలుపే. ఈసారి పట్టాభికే పాత పని గుర్తొచ్చింది. కంప్యూటర్లో వెలుగు తగ్గించి, నలుపు పెంచాడు. మూడోసారి వెలుగు నడిచింది. అప్పుడు పొద్దున్నే మంచులోంచి మనుషులు వచ్చినట్టు, ఒక్కొక్క అక్షరమే పైకి తేలింది. అరవై ఏళ్ళుగా ఎవరికీ కనపడని అమ్మ చేతిరాత. మాణిక్యమ్మ తెరకి దగ్గరగా జరిగి ఆ అక్షరాల్ని వేలితో తడిమింది. పట్టాభే చదివి వినిపించాడు.

మర్నాడు ఉయ్యాల ఊపుతూ పాట మొత్తం పాడింది.

జోజో చిన్నీ, జోలాలి,
చల్లగ వీచే పైరగాలి,
ఎంత దూరం నే పోయినా
నా పాట నీకు జోకొట్టాలి.

ఆ ఉయ్యాల్లో పాప ఎవరనుకున్నావ్? నువ్వే, నా తల్లీ. మా అమ్మ రోజూ నీకే జోకొడుతోంది.

కథ కంచికి పోయింది, కునుకు కంటికి వచ్చింది.